బొలుంబు ఊడ్చిన చెట్టు

మొగుడు పోయి బొలుంబు మూలన కూర్చున్న రోజుల్లోనే బావ లితుకా ఆమె చెట్టు కాజేశాడు. అడవిలో సపెలీ చెట్టు మీద, వానల్లో వండుకు తినే గొంగళిపురుగులు పట్టాయని ఎవరు ముందు కనిపెట్టి, మొదలు చుట్టూ ఊడ్చి, మానుకు నార ముడి వేస్తారో, పురుగులు దిగాక ఏరుకునే హక్కు వాళ్లది. ఆకుల మీద పురుగుల పెంట చినుకుల్లా రాలే చప్పుడు విని ఆమె ఊడ్చింది, ముడి వేసింది. మొగుడు పోయింది ఆ తర్వాత. లితుకా ఆ ముడి కోసి తనది కట్టాడు.

పెద్దల ముందు నిలదీస్తే నవ్వాడు.

"మైలలో ఉన్నదాని ముడి కూడా ముడేనా?"

"నేను కట్టేనాటికి నీ తమ్ముడు బతికే ఉన్నాడు, బావా."

"అయితే వాణ్ణే వచ్చి చెప్పమను."

పెద్దలు అతని మాటకే తలలూపారు. ఊపరా మరి, లితుకా పంచిన పురుగులు అప్పటికే వాళ్ల పొయ్యిల మీద ఉడుకుతున్నాయి. ఆ వానల్లో లొమామి నది పొంగి చేప పడలేదు, అడవిలో వేట దొరకలేదు. బొలుంబు పిల్లలు ఉత్త కర్రపెండలం మింగారు.

మరుసటి ఏడు ఆమె దూరపు అడవి నుంచి అప్పుడే గుడ్డు పగిలిన పిల్లపురుగుల్ని ఆకు దొప్పలో మోసుకొచ్చి, ఇంటి వెనక లేత సపెలీల మీద వదిలింది.

"పురుగులకు పురుడు పోస్తోందర్రా," అని ఊరు ఇకిలించింది.

అవి బతికాయి. కొన్నింటిని ఏరకుండా మట్టిలోకి పోనిచ్చింది. అవే అరచేతులంత రెక్కలతో పైకి లేచి, ఏటేటా అవే చెట్ల మీద గుడ్లు పెట్టాయి.

ఈలోగా లితుకా మానులు కొట్టేవాళ్లను అడవిలోకి దింపాడు. తనకు రేకుల ఇల్లు వచ్చింది, ఆమె ఊడ్చిన చెట్టుతో సహా అడవిలో సపెలీలన్నీ పోయాయి. వానలొస్తే ఊరంతా పురుగుల కోసం బొలుంబు గుమ్మంలోకే వచ్చింది. నవ్వినవాళ్లకూ ఆమె పెట్టింది. చివరికి లితుకా కూడా గిన్నె పట్టుకొచ్చాడు. వాళ్లిద్దరూ ఎదురుపడడం అదే ఆఖరు.

"ఏమే బొలుంబూ, పళ్లూడిన ముసలాణ్ణి. మెత్తగా ఉడికింది ఇంత పెట్టు."

"రేకులు నమలలేకపోయావా, బావా?"

"పాతవి తవ్వకే."

"ఆ చెట్టు నాదని పెద్దల ముందు చెప్పు. గిన్నె నింపుతాను."

"చెట్టే లేదు గదే. లేని చెట్టు ఎవరిదైతే ఏం?"

బొలుంబు కుండ మీద మూత పెట్టింది.

"లేని చెట్టు నాదనడానికే నోరు రాకపోతే, తినడానికి మాత్రం ఎందుకు ఆ నోరు? పో బావా."