చేనుకు కట్టిన పాట

నేను గదిలో సంగీతం చేసుకుంటుంటే మా అమ్మ వంటింట్లోంచి, "ఫ్యాను బేరింగు పోయినట్టుంది, చూడు" అనేది. అది ఫ్యాను కాదు, నేను అని ఎన్నిసార్లు చెప్పను?

తొప్పూరు కనుమలో దిగే లారీల బ్రేకుల మోత ఫోనులో పట్టుకొచ్చి, కంప్యూటర్లో బంకలా సాగదీసి, సేలంలో కొన్న పాత టేప్ రికార్డరుతో క్యాసెట్టు మీదికి ఎక్కించేదాన్ని. టేపు అరిగి గొంతు బొంగురుపోతే నాకు పండగ. మా నాయన కాసేపు చూసి, "చెడిపోయేదానికి ఇంత కష్టమెందుకుమా? వదిలేస్తే అదే చెడిపోతాది కదా" అనేవాడు. నిజమే, కానీ ఒప్పుకోవడానికి నాకేం పని?

ఒకసారి ధర్మపురిలో స్నేహితులు ఫోటోల ప్రదర్శన పెట్టి, నన్ను వచ్చి వాయించమన్నారు. జనం ముందు అదే మొదటిసారి. నా కోరిక ఒక్కటే, నాయన వచ్చి చివరిదాకా లేవకుండా వినాలి. పైకి అంటే పరువు పోతుందని అనలేదు. పాట క్యాసెట్టుకెక్కగానే కంప్యూటర్లో కాపీ చెరిపేశాను. టేపు మీద ఒక్కటే ఉండాలి, అప్పుడే దానికి విలువ అని నా పట్టుదల. పొగరనుకోండి.

ముందురోజు పొద్దున చూస్తే టేబుల్ మీద క్యాసెట్టు ఖాళీ డొల్ల, పక్కన విప్పిన మరలు.

"మీ నాయన రిబ్బను తీసుకొని బి. మల్లాపురం చేనుకు పోయినాడు. జొన్న పాలు పోసుకొన్నది, చిలకలు వాలతా ఉండాయంట" అంది అమ్మ, దోసె తిప్పుతూ.

మా వైపు గుంజలు పాతి, పైరు మీదుగా క్యాసెట్టు రిబ్బను లాగి కడతారు. గాలికి అది రొద పెడితే పిట్టలు బెదిరిపోతాయి. ఇప్పుడు క్యాసెట్లు ఎక్కడున్నాయి? నాయన ఊరంతా అడిగి విసిగిపోయాడు. ఇంట్లోనే కనపడితే వదులుతాడా?

బస్సులో దారి పొడుగునా తిట్లు పేర్చుకుంటూ పోయాను. చేను మీద నా రిబ్బను తళతళలాడుతోంది. గట్టు మీద నాయన దర్జాగా కూర్చున్నాడు.

"నాయనా, అది నా పాట. రేపు వాయించాల."

ఆయన మొహం వాడిపోయింది. "చెడిపోయిన క్యాసెట్టనుకొన్నానుమా. పోయిన వారం నువ్వు వేస్తే విన్నాను. లారీ బోల్తా పడినట్టుండె."

"అది అట్లే ఉండాల."

"అట్లనా." అంతలోనే ఉండబట్టలేక అన్నాడు. "అయినా ఒకటి చెప్తానుమా. పొద్దున్నించి ఒక్క చిలక వాల్లేదు."

ఒళ్ళు మండింది. తిట్టబోయేంతలో గాలి లేచింది. రిబ్బను సన్నగా మూలిగి, పైకి పాకి, రెండు గొంతులుగా చీలింది. లారీలను అన్ని రోజులు సాగదీసినా నాకు దొరకని రొద అది. పేర్చుకున్న తిట్లన్నీ మరచిపోయి గుంజకు ఫోను కట్టాను. "ఊరకుండు నాయనా, రికార్డవుతా ఉంది" అన్నాను. ఆయనకు దగ్గొచ్చింది. గబుక్కున తువ్వాలు నోట్లో కుక్కుకుని, గాలి పడిపోయేదాకా కళ్ళనీళ్ళతో అలాగే కూర్చున్నాడు.

ఆ రొదను ఇంకో క్యాసెట్టుకెక్కించి, నాయనకు అందకుండా బీరువాలో పెట్టి తాళం వేశాను.

మర్నాడు ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. టేపు తిరిగింది. కాసేపటికి వెనక ఒక కుర్చీ కీచుమంది, తరవాత ఇంకొకటి. ఒకరికి ఫోను వచ్చింది, ఒకరికి టీ గుర్తొచ్చింది. మా అమ్మ కూడా మెల్లిగా లేచింది. నేను తలెత్తకుండా మీటలు తిప్పుతూనే ఉన్నాను.

టేపు ఆగాక చూశాను. హాలు ఖాళీ. ముందు వరసలో నాయన ఒక్కడే, నోట్లో తువ్వాలుతో, కదలకుండా.

ఆ హాల్లో నా అంత సంతోషంగా ఇంకెవరూ లేరు. ఉండడానికి మనుషులూ లేరనుకోండి.

"అయిపోయిందా?" అని సైగ చేశాడు. తలూపాను. తువ్వాలు తీసి, అంతసేపూ ఆపుకున్న దగ్గంతా దగ్గి, ఖాళీ కుర్చీల వైపు తిరిగి చూశాడు.

"చెప్పినా కదమ్మా," అన్నాడు గర్వంగా. "ఒక్కటీ నిలవలేదు."