బుధవారం, శనివారం గాలి

పదేళ్ల పాటు నేను ఎవరికీ చెప్పని సంగతి ఇది. 1999 చలికాలంలో, పాతబస్తీలోని ఒక డాబా మీద, పాడవని ఫిల్టర్ కాగితాన్ని నా చేత్తో చింపి, రిజిస్టర్లో "చినిగినది, చెల్లదు" అని రాశాను. ఆ తరవాతి వారం అదే డాబా మీద ఒక స్విచ్చుకు తాళం వేశాను. మొదటి పనిని ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. రెండో పనికి మా ఇన్‌ఛార్జి నన్ను మెచ్చుకున్నారు.

అప్పటికి నాకు ముప్పై ఒకటి. తెనాలి నుంచి కెమిస్ట్రీ డిగ్రీతో వచ్చి, ప్రభుత్వానికి గాలి నాణ్యత కొలిచి ఇచ్చే ఒక చిన్న ల్యాబ్‌లో ఫీల్డ్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నగరంలో కొన్ని చోట్ల మేడల మీద మా యంత్రాలు ఉండేవి. వాటిని శాంప్లర్ అంటాం. నడుమెత్తున ఉండే రేకు పెట్టె, లోపల బలమైన మోటారు, పైన చిన్న గొడుగు లాంటి మూత. మోటారు గాలిని లాగితే ముతక దుమ్ము కింద కప్పులో రాలుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్న ధూళి పైన తెల్లటి ఫిల్టర్ కాగితం మీద పేరుకుంటుంది. పెట్టే ముందు ఒకసారి, తీశాక ఒకసారి కాగితాన్ని తూచి, తేడాను బట్టి గాలిలో ధూళి ఎంతో చెబుతాం. వారానికి రెండు రోజులు, పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా, ఎనిమిది గంటలకోసారి కాగితం మారుస్తూ, యంత్రం నడవాలి. ఆ రోజులు మారుస్తూ ఉండమని ఇన్‌ఛార్జి ఒకటి రెండుసార్లు అన్నారు. నేను మార్చలేదు. మిగతా స్టేషన్లతో కలిపి తిరగడానికి ఈ డాబాకు బుధవారం, శనివారం నాకు వీలుగా ఉండేవి.

అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి, వంతెన మీదుగా మూసీ దాటి, గాజుల దుకాణాల వెనక గల్లీలోకి నడిచేవాణ్ణి. ఇల్లు సత్తమ్మది. భర్త మల్లేశం పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నేను వెళ్లే నాటికి ఆయనకు ఉబ్బసం, వాళ్ల మాటలో దమ్ము రోగం, ముదిరి, బారాతు ఊరేగింపు వెంట ఒక వీధి నడిస్తే రెండో వీధిలో కూర్చుండిపోతున్నాడు. బ్యాండు వాళ్లు ఇంకా పిలుస్తున్నారు గానీ ఎన్నాళ్లు పిలుస్తారో తెలియదు.

మొదట్లో ఆ యంత్రమంటే సత్తమ్మకు పడేది కాదు. అది నడుస్తుంటే పిండి గిర్నీ పక్కన కూర్చున్నట్టే ఉండేది. దాని కూత ఇళ్ల కప్పుల మీదుగా చాలా దూరం పోయేది. "ఏంది సార్ గీ లొల్లి? బువ్వ తింటుంటె నోట్ల పండ్లు గూడ కదుల్తున్నయి," అని ఆమె ప్రతి బుధవారం అనేది. ఎప్పుడు తీసేయమంటుందోనని నాకు భయంగా ఉండేది. పాతబస్తీలో డాబా దొరకడం అంత కష్టం.

ఆరు నెలలు గడిచేసరికి ఆ మాట ఆగిపోయింది. ఒక శనివారం పొద్దున నేను మెట్లెక్కేసరికి డాబా మీద నులక మంచం ఉంది. మంచం మీద మల్లేశం పడుకుని ఉన్నాడు. తల యంత్రం వైపు, దాదాపు దాన్ని ఆనుకుని. కళ్లు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి, ఆగి ఉన్న ఆ పెట్టె ఎప్పుడు మొదలవుతుందా అని కాచుకున్నవాడిలా. నేను స్విచ్చు వేశాను. ఆయన ఛాతీ మెల్లగా పైకి లేవడం చూశాను.

"గీ మిషన్ రోజూ నడుపరాదు సార్? బుధారం, శనారం ఆయనకు దమ్ము లేస్తలేదు. నడుమ దినాల్లనే పానం గుంజుకపోతున్నది," అంది సత్తమ్మ.

యంత్రం గాలిని కొలుస్తుందే తప్ప బాగు చేయదని చెప్పడం మొదలుపెట్టాను. ఆమె ముఖం చూసి ఆగాను. డాబా గుర్తొచ్చింది. "కొంచెం దుమ్ము లాక్కుంటుంది కదమ్మా," అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే మరీ హాయిగా అనగలిగాను.

అప్పటి నుంచి ఆ డాబా మారిపోయింది. పొరుగింటి హబీబా బీ ఎక్కడిదో ఒక పచ్చ దారం తెచ్చి యంత్రం కాలికి కట్టింది. తరవాతి వారం రేకు మీద పసుపూ కుంకుమా కనిపించాయి. బుధవారం మధ్యాహ్నాలు ఇద్దరు ముగ్గురు తల్లులు పసిపిల్లల్ని ఒళ్లో వేసుకుని ఆ కూత మధ్య మాట్లాడకుండా కూర్చునేవారు. మాట్లాడినా వినబడదు. నేను కాగితం మార్చడానికి మోటారు ఆపితే అందరూ ఒక్కసారి తలలెత్తి నావైపు చూసేవారు. మళ్లీ వేసేదాకా ఎవరూ కదిలేవారు కారు. ఈ సంగతి క్యాంటీన్లో చెబితే అందరం నవ్వుకున్నాం. నాకు మాత్రం ఆ చూపులు బస్సెక్కాక కూడా గుర్తుండేవి. పైగా యంత్రం వెనక నుంచి వచ్చే వేడి గాలిలో మోటారు అరుగుదల నలుపు కూడా ఉంటుంది. దానికి దగ్గరగా పడుకోవద్దని చెప్పాల్సింది. అదీ చెప్పలేదు.

ఆ వీధిలో మిగతా రోజుల్లో ఒక వాసన వస్తుందని అందరూ అనేవారు. ఎక్కడి నుంచో ఎవరికీ తెలియదు. మూసీ నుంచి అని కొందరు, చెత్త కాలుస్తున్నారని కొందరు. నాకు ఎప్పుడూ రాలేదు. నేను వెళ్లేది బుధవారం, శనివారం.

డిసెంబరులో ఒక బుధవారం పొద్దున ఆరింటికి స్విచ్చు వేస్తే మోటారు కదలలేదు. లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. ల్యాబ్‌కు వెళ్లి కొత్తవి తెచ్చేసరికి పదకొండు దాటింది. డాబా మీద కూర్చుని మోటారు విప్పాను. అప్పుడు వచ్చింది వాసన. వాసన కంటే ముందు నాలుకకు తెలిసింది, బ్యాటరీ కొస నాకినట్టు. తరవాత గొంతులో మంట. ఎండలో ఒక నీలి పొర కప్పుల మీదుగా, తొందర లేకుండా, మా వైపే జరుగుతూ వచ్చింది. కింద గదిలో మల్లేశం దగ్గు మొదలైంది. అది దగ్గులా లేదు. చేపను గట్టున పడేస్తే కొట్టుకునే చప్పుడులా ఉంది. సత్తమ్మ మెట్ల మీద నిలబడి నన్నే చూస్తోంది.

బ్రష్షులు బిగించి, కాగితం పెట్టి స్విచ్చు వేశాను. కూత లేచింది. పావుగంట గడిచింది. నీలి పొర పలచబడింది. అరగంటకు లేదు. నాలుక మీద రుచి పోయింది. కింద దగ్గు ఆగింది. కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఆ ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఆ రేకు పెట్టె వీధి మొత్తాన్ని లోపలికి పీల్చేసుకుందని నమ్మాను.

అప్పుడు రెండు గల్లీల అవతల ఒక రేకుల షెడ్డు సందుల్లోంచి చివరి పొగ తీగ సాగి తెగిపోవడం కనిపించింది.

దిగి వెళ్లాను. షెడ్డు షట్టరు సగం దించి ఉంది. ముందు అరుగు మీద నలుగురు మనుషులు చాయ్ తాగుతున్నారు. లోపల పగలగొట్టిన పాత బ్యాటరీ డబ్బాలు, చల్లారుతున్న కుండ. పాత బ్యాటరీల్లోని సీసం కరిగించి దిమ్మలు పోసే భట్టీ అది. అనుమతి ఉండే పని కాదు. సీసం పొగ ఎంత సన్నగా ఉంటుందో, లోపలికి పోతే ఏం చేస్తుందో నాకు పుస్తకాల్లో తెలుసు. భట్టీ యజమాని రాజన్న నన్ను గుర్తుపట్టి జరిగి చోటిచ్చాడు.

"మీ మిషన్ కూత బెట్టిందంటె మాకు సెలవు సార్. బుధారం, శనారం మేం గూడ సర్కారోళ్లమే, ఖాళీగ కూసుంటం," అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. "ఇయ్యాల పొద్దుగాల కూత ఇనవడలె. ఖరాబైందనుకొని ముట్టిచ్చినం. నడుమల షురూ చేస్తిరి. ముందుగాల చెప్పాలె గద సార్, మాల్ మొత్తం పాడాయె."

వాళ్లిచ్చిన చాయ్ తాగాను.

సాయంత్రం కాగితం తీశాను. మామూలుగా అది బూడిద రంగులో ఉంటుంది. ఆ రోజు నీలం కలిసిన నలుపు, తడి పలక లాగా. అరగంట పొగ చాలింది. దాన్ని తూస్తే పెద్ద అంకె వస్తుంది, అంకె చూసి ఇన్‌ఛార్జి అడుగుతారు, అప్పుడు ఏడాది పాటు ఈ స్టేషను నుంచి నేనిచ్చిన శుభ్రమైన కాగితాలన్నీ ఏమిటో తేలుతుంది. రోజులు ఎందుకు మార్చలేదని అడుగుతారు. రెండు చేతులతో మూల పట్టుకుని చింపాను. చినిగిన కాగితాన్ని తూచనక్కర్లేదు, అది మా నియమం.

తరవాతి వారం, శనివారం నాడు, యంత్రంలో గంటలు లెక్కించే మీటరు చూస్తే తొమ్మిది గంటలు ఎక్కువ తిరిగి ఉంది. మల్లేశాన్ని అడిగాను. దాచలేదు. నిన్న, శుక్రవారం, ఎవరిదో పెద్ద పెళ్లి. బారాతులో వాయించక తప్పదు. పొద్దున్నే స్విచ్చు వేసి సాయంత్రం దాకా దాని పక్కనే పడుకున్నాడట. రాత్రి మూడు వీధులు నడుస్తూ వాయించాడట.

"తప్పయింది సార్," అన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి చూపించాడు. పొగ గురించి వీధివాళ్లు పెట్టుకున్న అర్జీకి వచ్చిన జవాబు అది. ఆ ప్రాంతంలో గాలి పరిమితులకు లోబడే ఉందని కొలతలు తెలుపుతున్నాయని రాసి ఉంది. ఆ కొలతలు నావి. "గాలి మంచిగనే ఉన్నదంటున్నరు. మరి నడుమ దినాల్ల నాకెందుకు ఊపిరాడతలేదు సార్? వారానికి రెండు దినాలు ఊపిరి వోసి వోతవు. తక్కిన అయిదు దినాలు నేనేం పీల్వాలె?"

ఆ మనిషికి జవాబు నా దగ్గర ఉంది. యంత్రం రోజూ ఊరికే కూత పెట్టినా ఆయన బతుకుతాడని ఆ వీధిలో నాకొక్కడికే తెలుసు. నేను ప్రభుత్వ ఆస్తి గురించి గట్టిగా మాట్లాడాను. ఇంకోసారి ముట్టుకుంటే యంత్రాన్ని తీసుకుపోతామన్నాను. స్విచ్చు పెట్టెకు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాను. ఆయన తల ఊపి, మంచం మీద మళ్లీ యంత్రం వైపు తల పెట్టి పడుకున్నాడు.

మరుసటి ఏడాది నివేదికలో ఆ ప్రాంతం పాతబస్తీలో మెరుగైన వాటిలో ఒకటిగా నమోదైంది. అక్కడ స్టేషను అవసరం లేదని యంత్రాన్ని వేరే చోటికి మార్చారు. నేను ఆ గల్లీకి మళ్లీ పోలేదు.

పని మాత్రం మానలేదు. ఆ తరవాత నా కింద చేరిన ప్రతి ఫీల్డ్ అసిస్టెంటుకూ రోజులు మార్చమని, ఏ స్టేషనుకైనా ముందుగా చెప్పకుండా వెళ్లమని, కాగితం శుభ్రంగా ఉంటే సంతోషించే ముందు వీధిలో ఒకసారి నడిచి రమ్మని చెప్పేవాణ్ణి. యంత్రం తాను ఉన్నప్పటి గాలినే చెబుతుంది. ఎందుకు ఇంత పట్టుదల అని వాళ్లు అడిగితే అనుభవం అనేవాణ్ణి.

2009 చివర్లో సన్న ధూళికి కొత్త ప్రమాణాలు వచ్చాయి. కొత్త యంత్రాలు పెట్టడానికి పాత చోట్ల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. అందులో సత్తమ్మ డాబా ఉంది. ముందు ఆఫీసుకు ఒక కాగితం రాసిచ్చాను. ఆ స్టేషను అంకెలను నమ్మడానికి లేదని, కారణం నేనని, చింపిన కాగితం సంగతితో సహా. తరవాత బస్సెక్కాను.

భట్టీ ఉన్నచోట మూడంతస్తుల ఇల్లు లేచింది. సత్తమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. "మిషన్ సారా?" అంది. కూర్చోమని పీట జరిపింది. యంత్రం పోయిన తరవాతి వానాకాలంలో మల్లేశం చనిపోయాడని చెప్పింది. ఏ జబ్బుతోనో డాక్టర్లు గట్టిగా చెప్పలేదట. భట్టీయే చంపిందని నేనూ చెప్పలేను.

"సచ్చేదాంక ఒక్కటే బాధ ఆయనకు. నేను ముట్టుకోబట్టే మిషన్ తీస్కవోయిండ్రని. గల్లీల పిల్లలకు గూడ లేకుండ చేస్తినని ఏడ్చేటోడు," అంది.

పదేళ్లు ఆ మాట నా కోసం అక్కడే ఉంది. నేను మొత్తం చెప్పాను. భట్టీ, కూత, చాయ్, నల్ల కాగితం. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. ఒక్కటే అడిగింది.

"తాళం ఏసిననాడు ఎరుకేనా నీకు?"

"ఎరుకేనమ్మా," అన్నాను. అది మా వైపు మాట కాదు. ఆమె మాటలోనే చెప్పాలనిపించింది. "ఆయన ముట్టుకున్నందుకు తీయలేదు. ఆయన తప్పు ఏమీ లేదు. నా కాగితాలు శుభ్రంగా ఉన్నాయని తీశారు. ఎందుకు శుభ్రంగా ఉన్నాయో తెలిసి నేను నోరు విప్పలేదు. తెలిసే తాళం వేశాను. ఈ మాట ఆయన బతికి ఉండగా వచ్చి చెప్పాల్సింది. నన్ను క్షమించండమ్మా."