ఓబులేసు అడిగిన ఇమినెంట్

ఓబులేసు చేసిన ప్యాచ్ పనిని కనిపెట్టడం ఎవరి వల్లా కాదు. పగిలిన చోట పుట్టీ నింపి, ఆరాక ఉప్పు కాగితంతో రుద్ది, పాత రంగులో కొత్త రంగు కలిసిపోయేలా అంచులు పలచగా లాగుతాడు. పనయ్యాక గోడను అరచేత్తో నిమిరి, "యాడుండాదో చెప్పప్పా చూద్దాం" అంటాడు. చెప్పలేం.

పత్తికొండ దగ్గరి పల్లె నుంచి ఇళ్ళు కట్టే బేల్దారి పనికి బెంగళూరొచ్చిన మనిషి. పరంజాలెక్కే వయసు దాటాక హూడిలో ఆడా మగా ఉండే ఒక పీజీ హాస్టల్లో కుదురుకున్నాడు. గోడల పని ఆయనది, వంట భార్య సుంకమ్మది. మెట్ల కింద గది ఇద్దరిదీ. నేనూ ఆ పీజీలోనే ఉండేవాణ్ణి. సివిల్ ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి బైక్ మీద పార్సిళ్ళు తిప్పుతున్న రోజులు.

పక్క సైటులో సెల్లారు కోసం గొయ్యి తవ్వడం మొదలయ్యాక ఓబులేసుకు చేతినిండా పని. మెట్ల పక్క గోడలో వెంట్రుకంత చీలిక వచ్చింది. పూడ్చాడు. కొన్నాళ్ళకు అక్కడే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పూడ్చాడు. తర్వాత పై అంతస్తులో బాత్రూం తలుపు పట్టేయసాగింది. అంచు చిత్రిక పట్టాడు. అయినా పట్టేసింది.

"వానకు చెక్క ఉబ్బింటాది" అన్నాడు. వానలు పడి చాలా కాలమైంది.

చివరికి యజమాని వెంకటరమణప్ప తెలిసిన ఇంజనీరునొకణ్ణి తీసుకొచ్చాడు. నిచ్చెన పట్టుకున్నది ఓబులేసే. ఇంజనీరు గోడను వేళ్ళతో కొట్టి చూశాడు. కిందికి దిగి గొయ్యి వైపు పునాది దగ్గర వంగి చూశాడు. లేచి ఇంగ్లీషులో ఏదో చెప్పి, తెప్పించిన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఓబులేసు నా గది గడప దగ్గర నిలబడ్డాడు.

"ఇమినెంట్ అంటే ఏమప్పా?"

"ఎవరన్నారు?"

"ఆ ఇంజనీరు సారు. కొలాప్స్ ఈజ్ ఇమినెంట్ అన్నాడు. మా ఓనరు నోరు ఎప్పుడన్నా ఊరికే ఉంటాదా? ఆ మాటకి మూతబడె."

"కొలాప్స్ అంటే తెలుసా?"

"కట్టడాల్లో తిరిగినోనికి అది తెలీకుంటాదా? రెండోదే తెల్దు."

"వచ్చేసిందని. మీద పడబోతోందని."

"అయితే బస్సు ఇమినెంట్ అనొచ్చునా?"

"అనరు. పెళ్ళికీ అనరు, జీతానికీ అనరు. యుద్ధం, చావు... అట్లాంటి వాటికే వాడతారు."

"మా సుంకమ్మ తిట్లకి?"

"దానికి వాడుకో."

నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. "ఎన్ని దినాలు టైమిస్తాదప్పా ఆ మాట?"

"ఆ మాటలో దినాలు లేవు. దగ్గరికొచ్చిందని మాత్రం చెబుతుంది. అంతే."

మర్నాడు వెంకటరమణప్ప కారులోంచి కొత్త పుట్టీ సంచి దించాడు. ఓబులేసు ఉండబట్టలేక అడిగాడు, "సార్, ఆయప్ప ఇమినెంట్ అన్నాడు గదా..."

"ఓహో, ఇంగ్లీషు నేర్చినావా? భయం పెడితేనే గదప్పా వాళ్ళకి పని దొరికేది. జాగ్రత్తగా చూసుకోండి అని దాని అర్థం. సుమ్నే, నోర్మూసుకుని పని చేసుకో. పిల్లోళ్ళకి ఏమన్నా చెప్పినావంటే, మెట్ల కింద ఇంకొకరు ఉంటారు."

ఒకే మాటకు ఓబులేసు చేతిలో ఇప్పుడు రెండు అర్థాలు. యజమాని చెప్పింది నమ్మితే గది ఉంటుంది. నేను చెప్పింది నమ్మితే మొగుడూ పెళ్ళాలు రోడ్డు మీద. తాపీ తీసుకుని పుట్టీ కలిపాడు.

నేను మాత్రం కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. ఒక్కరూ కదల్లేదు. పై అంతస్తులో ఉండే అర్పిత, వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మెట్ల దగ్గర నన్ను ఆపింది. "ఎక్కడ బ్రో క్రాక్? చూపించు." చూపించడానికి ఏముంది? ఆమె గోడ నిమిరి చూసి, పక్కనే బకెట్ కడుగుతున్న ఓబులేసుతో, "అంకుల్, సూపర్ ఫినిషింగ్" అంది.

ఓబులేసు ముఖం ఎత్తలేదు.

మర్నాడు తెల్లారాక సుత్తి చప్పుడుకు లేచాం. కిందికొస్తే ఓబులేసు ఉలితో తన పుట్టీనంతా రాలగొడుతున్నాడు. పొరమీద పొర ఊడుతోంది. చీలిక మెట్ల మొదటి నుంచి పైకి, ఇంకా పైకి. వేలు దూరేంత. ఒకచోట గోడ అవతలి వెలుతురు కనబడింది.

సుంకమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది. "పిచ్చి గిన పట్టెనా నీకు? యాడికి పోదుమనుకున్నావు?"

"నిన్న ఆ యమ్మి ఏమనెనో చెప్తి గదా. చీలిక నేనే దాస్తి. వీళ్ళ కండ్లకి గంతలు నేనే కడితి."

సుంకమ్మ గోడలో దూరే వెలుతురును చూసింది. గరిటె విసిరేసి వంటింట్లోకి పోయింది. పొయ్యి ఆర్పి, అన్నం గిన్నె, సాంబారు గిన్నె ఎత్తుకుని గేటు దాటి రోడ్డు అవతల దించింది. "తినేటోళ్ళు ఈడికి రాండి! లోపల ఒక మెతుకు పెట్టను!"

ప్లేట్లు పట్టుకుని ఒక్కొక్కరూ బయటికొచ్చారు. అర్పితతో సహా అందరూ రోడ్డు అవతల నిలబడి తొలిసారి ఆ బిల్డింగును నిండుగా చూశారు. తర్వాత బ్యాగుల కోసం లోపలికి పరిగెత్తారు. సాయంత్రానికి నాతో సహా ఎవరూ లేరు. అప్పుడే వెంకటరమణప్ప వచ్చి ఓబులేసు మూటలు గేటు బయట పెట్టించాడట.

బిల్డింగు పడలేదు. అదే అసలు దరిద్రం. అప్పుడే పడి ఉంటే ఖాళీగా పడి ఉండేది.

ఓబులేసు, సుంకమ్మ ఇప్పుడు జిగణిలో ఒక ఫ్యాక్టరీ షెడ్డు దగ్గర ఉంటున్నారు. ఆదివారాల్లో ఫోన్ చేస్తాడు. మొన్న చేసినప్పుడు నేను పార్సిలిచ్చి ఆ పాత పీజీ వీధిలోనే వెళ్తున్నాను. బండి ఆపి ఫోన్ ఎత్తాను. ఎవరో మేస్త్రీ చీలికను బాగానే పూడ్చాడు. గోడకు కొత్త రంగు. ఒకమ్మాయి ఆటోలోంచి సూట్‌కేసు దించుకుంటోంది. పక్క గొయ్యిలో యంత్రం తవ్వుతూనే ఉంది.

"ఉండాదా ఇంకా?" అన్నాడు ఓబులేసు.

"ఉంది."

"జనాలుండారా లోపల?"

"ఉన్నారు."



"ఏ అంతస్తు దాంకా?"

తలెత్తి చూశాను. ప్రతి బాల్కనీలో బట్టలు ఆరేసి ఉన్నాయి.

"పైదాకా" అన్నాను.