భుజం మీద బెల్టు

ఆదోనిలో రసూల్ సాబ్‌ని చూసి నవ్వనివాళ్ళు తక్కువ. శుక్రవారం జుమ్మా నమాజుకు ఉతికిన జుబ్బా తొడుక్కుని, అత్తరు రాసుకుని, భుజం మీద నల్లటి రబ్బరు బెల్టు వేసుకుని బయలుదేరే మనిషిని చూస్తే ఎవరికి మాత్రం నవ్వు రాదు? "సాబు పాముని ఏసుకోని పోతాండాడు" అని అందరికంటే ముందు నవ్వేది కూలి పనులు చేసుకునే సారమ్మే. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు. ఆ బెల్టు మోసేది ఆమె కోసమేనని ఆమెకు తెలియదు.

నరసన్న కట్టెల అడితిలో రసూల్ సాబ్ రంపం మిషను మనిషి. గుండ్రటి రంపం సగం బల్ల పైన, సగం బల్ల కింద. మోటారు తిరిగితే బెల్టు లాగుతుంది, రంపం తిరుగుతుంది. కరెంటు పోయినప్పుడే ఆయనకు అసలు పని. ముందు స్విచ్ దించి, బెల్టు ఊడదీసి, ఆ తర్వాతే రంపం మీద చెయ్యి వేసేవాడు. ఆకురాయితో పళ్ళకు పదును పెట్టి, ఒక పన్ను అటు, ఒక పన్ను ఇటు వంచి, చెక్క బిగుసుకుని ఎగిరి తన్నకుండా రంపం వెనకున్న ఇనుపరేకును సరిచూసేవాడు. సారమ్మ కూడా అప్పుడే వచ్చేది. పొట్టు పొయ్యి కోసం బల్ల కింద దూరి, రంపం కింద కుప్పపడిన పొట్టును చేతులతో గంపకెత్తుకునేది. వద్దంటే, "కరెంటు లేంది అది నన్నేం సేస్తాది సాబూ?" అనేది.

నరసన్న ధోరణి వేరు. ఆ ఎనభైల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. అందుకని స్విచ్ దించనిచ్చేవాడు కాదు. "రంపం తిరిగితేనే కదప్పా, కరెంటొచ్చిందని తెలిసేది!" రసూల్ సాబ్ దించితే ఆయన ఎత్తేవాడు. "ఆయమ్మ సెయ్యి పోతాది నరసన్నా" అంటే, "ఇన్నేండ్లు పోయిందా?" అనేవాడు. ఇక లాభం లేదని రసూల్ సాబ్ మసీదుకు పోయినా బెల్టు వెంట తీసుకుపోవడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం నమాజు మధ్యలో మసీదు ఫ్యాన్లు ఆగిపోయాయి. చెమటలు కక్కుతూనే నమాజు ముగించాడు. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే ఫ్యాన్లు మళ్ళీ తిరిగాయి. పక్క వీధిలోని అడితి నుంచి చప్పుడు వినబడింది. ఒట్టి మోటారు చప్పుడు కాదు, రంపం చప్పుడు. ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. బెల్టు అక్కడే ఉంది.

నరసన్న ఇంకో బెల్టు కొన్నాడు! రసూల్ సాబ్ చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియకుండా పరుగెత్తాడు.

బల్ల దగ్గర ఎవరూ లేరు. రంపం ఒట్టిగా గిర్రున తిరుగుతోంది. బల్ల కింద సారమ్మ గంప బోర్లా పడి ఉంది.

"సారమ్మా!"

గోడవార కూలబడిన సారమ్మ తలెత్తింది.

"సేతులు సూపించు తల్లీ."

మోచేతుల దాకా పొట్టు అంటిన చేతులు చాచింది. రెండూ ఉన్నాయి.

"ఇట్ల బయటికొచ్చినానో లేదో, అట్ల తిరిగేసింది సాబూ."

రసూల్ సాబ్ స్విచ్ దించి, రంపం పూర్తిగా ఆగేదాకా నిలబడ్డాడు. కొత్త బెల్టు కూడా ఊడదీసి పాతదాని పక్కనే భుజాన వేసుకున్నాడు. ఈసారి సారమ్మ నవ్వలేదు.

"యెమ్మిగనూరులో బెల్టులకేం కరువు సాబూ?" అన్నాడు నరసన్న, గల్లాపెట్టె దగ్గర నుంచి కదలకుండా.

తర్వాతి శుక్రవారం రసూల్ సాబ్ జుమ్మాకు పోలేదు. ఆపై వారమూ పోలేదు. మసీదు నుంచి నమాజుకు పిలిచే బాంగు వినబడగానే కళ్ళు తుడుచుకుని, రంపం పక్కనే, పొట్టులోనే తువ్వాలు పరుచుకున్నాడు.