దిలావర్ అన్న పేరున ఎక్కిన పెట్టె

సౌదీలోని యాన్బులో మా ఎరుకలో ఉన్న తెలుగువాళ్ళు ఎవరు ఊరికి బయల్దేరినా, టికెట్ కొనకముందే దిలావర్ అన్నకి ఫోన్ చేస్తారు. ఏ నెలలో ఏ దారి చవక, పిల్లలుంటే ఏ వరసలో సీటు అడగాలి, మధ్యలో విమానం మారాలంటే ఎంత వ్యవధి ఉంచుకోవాలి, అన్నీ ఆయనకి నోటికొచ్చు. ఆయనది ప్రొద్దుటూరు. కంప్రెసర్లు బాగుచేసే కంపెనీలో టెక్నీషియన్. కువైట్‌లోనో బహ్రెయిన్‌లోనో ఒక యంత్రం మొరాయించిందంటే సాయంత్రానికల్లా ఆయన విమానంలో ఉండాలి. అలా తిరిగి తిరిగి విమాన సంస్థవారి గోల్డ్ కార్డు వచ్చింది. ఆ కార్డుంటే పొడుగు వరసలో నిలబడక్కర్లేదు, లాంజ్‌లో కూర్చుని టిఫిన్ తినొచ్చు, ఇంకో పెట్టె ఉచితంగా వేసుకోవచ్చు.

"ఇంటి పట్టున ఉండనందుకు ఈయనకిచ్చిన బహుమతి అది" అంటుంది ఆయన భార్య గుల్షన్. "నా బిడ్డ పదో తరగతికొచ్చింది. ఈయనేమో ఇంగా ఎనిమిదే అనుకుంటాండాడు."

దిలావర్ అన్న నవ్వేస్తాడు. ఆ కూతురు అఫ్రీన్ నేను పనిచేసే స్కూల్లోనే చదువుతుంది, నా కెమిస్ట్రీ క్లాసులో ముందు బెంచీ.

ఆయన దగ్గర ఒక పట్టింపు ఉంది. గోల్డ్ కార్డు మీద ఎవరి పెట్టె వేసినా, మూత తీసి లోపలున్నది ఒక్కొక్కటీ చేత్తో పట్టుకు చూడందే వెయ్యడు. కొందరు నొచ్చుకునేవారు. "కస్టమ్సాయన వచ్చాడు, దాచుకోండ్రోయ్" అని కొందరు ఎగతాళి చేసేవారు. కారణం ముజాహిద్. ఇద్దరూ కొత్తలో ఒకే గదిలో ఉండేవారు. ముజాహిద్ ఒకసారి ఎవరో ఇచ్చిన మసాలా పొట్లం తెచ్చాడు. అందులో గసగసాలున్నాయి. మనకవి కూరలో వేసుకునే దినుసు. ఇక్కడ మాత్రం మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. నేను చదువుకున్న రసాయన శాస్త్రం ప్రకారం ఆ గింజల్లో మత్తు పదార్థం లేశమాత్రమే. కానీ చట్టం ఆ లేశాన్ని తూచి చూడదు. ముజాహిద్ జైలుకెళ్ళాడు, ఆ తర్వాత ఊరికి పంపేశారు. మళ్ళీ ఈ దేశం రాలేకపోయాడు.

"పొట్లం యెవరిదైనా కానీ పాపా, ట్యాగు మీద యెవరి పేరుంటే తప్పు వాళ్ళది" అనేవాడు నాతో దిలావర్ అన్న.

మా పాప ఉజ్వలకి నాలుగో నెల నడుస్తుండగా నా ప్రసూతి సెలవు అయిపోవచ్చింది. మా ఆయన ఉదయ్‌కిరణ్‌కి ప్లాంట్ ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులు. పిల్లని ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళాలో తెలియక నాకు నిద్ర పట్టేది కాదు. నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూ ఉండేదాన్ని. చివరికి మా అమ్మ బాలామణి వస్తానంది. తెనాలి నుంచి హైదరాబాద్ దాకా రైల్లో రావడమే ఆవిడకి పెద్ద ప్రయాణం, విమానం ఎప్పుడూ ఎక్కలేదు. అదే వారం దిలావర్ అన్న కంపెనీ పనిమీద హైదరాబాద్ వెళ్ళి తిరిగి వస్తున్నాడు. "నాతోపాటే తీసుకొస్తాలే, యేం భయం లేదు" అన్నాడు.

బయల్దేరే ముందు మా ఇంటికొచ్చి, స్పీకర్ పెట్టించి మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడాడు.

"అమ్మా, బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టుకోండి, పెట్టెలో వద్దు. డాక్టరు చీటీ కూడా దాంట్లోనే. విమానం దిగేటప్పుడు చెవులు మూసుకపోతాయి, లవంగం నములుతా ఉండండి."

"లవంగం నమలనిస్తారా బాబూ విమానంలో?"

"నమలనిస్తారు. ఉమ్మనియ్యరు."

అమ్మ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

బయల్దేరిన రోజు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. ఆవిడ పెట్టెలు బరువెక్కువయ్యాయి. ఒక పెట్టెని గోల్డ్ కార్డు మీద తన పేరున వేయిస్తానన్నాడు దిలావర్ అన్న. కౌంటర్‌కి కొంచెం ఇవతల, గోడవారగా పెట్టె తెరవమన్నాడు.

"అంతమందిలో పెట్టె విప్పుతామా బాబూ? చీరలుంటాయి" అందిట అమ్మ.

"చీరలు నేను చూడనులేమ్మా. తినేటివి చూపియ్యండి."

కందిపొడి, సున్నుండలు, చంటిదానికి వస కొమ్ము, అన్నీ తీయించి చూశాడు. "గసగసాలేమన్నా ఉండాయా?" అని సూటిగా అడిగాడు. అమ్మ నిజాయితీగా ఒక చిన్న పొట్లం తీసిచ్చింది. దాన్ని చెత్తడబ్బాలో వేయించి మరీ వచ్చాడు. అడుగున స్టీలు డబ్బా ఉంది. మూత తీసి వాసన చూశాడు. శొంఠి ఘాటుకి తుమ్మొచ్చింది.

"ఇదేందమ్మా?"

"బాలింత కాయం బాబూ. అమ్మాయికి పాలు పడతాయని."

కాయంలో ఏమేం పడతాయో ఆయనకి తెలియదు. పొడి చేసేశాక అమ్మ దృష్టిలో అది మందు, అందులోవి ఇక గసగసాలు కావు. ఆవిడ అబద్ధం ఆడలేదు, ఆయన అడగడంలో లోపం చేయలేదు. పెట్టెకి దిలావర్ పేరున ట్యాగు పడింది, బెల్టు మీద లోపలికి వెళ్ళిపోయింది.

విమానంలో ఆయనకి ముందు వరసలో మంచి సీటు ఇస్తామన్నారుట. అమ్మ పక్కన ఎవరూ లేకుండా పోతారని వద్దన్నాడు. భోజనాలయ్యాక అమ్మ కబుర్లలో పడింది. కాయం తయారీ ఎంత పెద్ద పనో చెప్పడం మొదలుపెట్టింది. శొంఠి, పిప్పళ్ళు, మోడి, వాము, మిరియాలు.

"ఆఖర్ని గసగసాలు, నేతిలో దోరగా వేయించి మరీ..."

దిలావర్ అన్న ఆవిడ వంక చూశాడు. "మళ్ళీ చెప్పమ్మా. పొడిలో వేసినారా?"

"వెయ్యకపోతే ఎలా బాబూ? చలవకి అదే కదా."

ఆయన కాసేపు కళ్ళు మూసుకున్నాడు, పెదాలు కదిలాయి. దువా చేసుకుంటున్నాడని అమ్మకి తోచింది. ఏం తప్పు చేసిందో అప్పటికింకా ఆవిడకి తెలియదు. విమానం కిందికి దిగుతుండగా మెల్లగా చెప్పాడు, ముజాహిద్ సంగతితో సహా.

"అయితే ఆ పెట్టె అక్కడే వదిలేద్దాం బాబూ."

"నా పేరుండాది గదమ్మా దాని మీద."

యాన్బుకి రావాలంటే దిగాల్సిన జెద్దాలో, కార్డు పుణ్యమా అని ఆయన పెట్టె బెల్టు మీద అన్నిటికంటే ముందొచ్చింది. ఆయన దాన్ని ట్రాలీలో పెట్టుకుని, మిగతా సామాను ఇంకో ట్రాలీలో పెట్టి అమ్మకిచ్చాడు. "మీరు నేరుగా పోండి. తలుపు బయట మీ పాప నిలబడుంటాది. వెనక్కి తిరగొద్దండి" అన్నాడు. తను స్కానర్ వైపు వెళ్ళలేదు, పక్కన కూర్చున్న కస్టమ్స్ అధికారి బల్ల దగ్గరికి నడిచాడు.

బయట నేనూ ఉదయ్ ఉన్నాం, ఉజ్వల నా భుజం మీద. అమ్మ ఒక్కతే వచ్చింది. మనవరాలిని మొదటిసారి చూస్తున్న మనిషి, చేతులు చాపలేదు.

"భవితా, ఆ బాబుని లోపల ఉంచేశారే. నా మూలానే."

అక్కడే నిలబడి అంతా చెప్పింది. ఉదయ్ తెలిసినవాళ్ళకి ఫోన్లు చేస్తున్నాడు. గుల్షన్‌కి చెప్పాల్సింది నేను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. ఆమె చివరిదాకా విని ఒకే ప్రశ్న వేసింది.

"ఆయనే పొయ్యి చెప్పినాడా, వాళ్ళు పట్టుకున్న్యారా?"

"ఆయనే వెళ్ళాడు అక్కా."

"సరే" అంది. "అఫ్రీన్‌కి చెప్పొద్దండి. రేపు పరీక్షుంది."

నేను ఫోన్ పెట్టేసి చూసేసరికి అమ్మ మళ్ళీ ఆ తలుపు దగ్గరుంది. అది లోపలినుంచి బయటికే తెరుచుకుంటుంది. కాపలా కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మ అతనితో తెలుగులోనే చెబుతోంది: "ఆ పొడి నాది నాయనా. నేనే దంచాను. నన్ను పట్టుకోండి, ఆయన్ని వదిలెయ్యండి." అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కుర్చీ తెచ్చి వేశాడు, నీళ్ళ సీసా ఇచ్చాడు. ఆవిడ కూర్చోలేదు, నీళ్ళు ముట్టలేదు.

"ఇంటికి వెళ్ళి కబురు కోసం చూద్దాం అత్తయ్యగారూ, పిల్లకి ఎండ తగులుతోంది" అన్నాడు ఉదయ్.

"మీరెళ్ళండి బాబూ. ఆయనొచ్చాక వస్తాను."

ఎవరమూ కదల్లేదు. ఉజ్వలకి అక్కడే, ఒక మూల గోడవైపు తిరిగి పాలిచ్చాను. పాలు తాగుతున్న పిల్లని చూస్తుంటే లోపలున్న ఆ డబ్బా నా కోసమే కదా అన్న ఆలోచన వదల్లేదు. ఆ విమానంలో వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. ఇంకో విమానం వాళ్ళు వచ్చి, వాళ్ళూ వెళ్ళిపోయారు.

పొద్దు వాలి అసర్ నమాజు వేళ దాటాక దిలావర్ అన్న వచ్చాడు. చేతిలో పెట్టె ఉంది. డబ్బా లేదు. ముందు గుల్షన్‌కి ఫోన్ చేసి "బయటికొచ్చినా" అన్నాడు. అవతల ఆమె ఏమందో, చాలాసేపు తల ఊపుతూ విన్నాడు.

అడగ్గా అడగ్గా కారులో చెప్పాడు. పొడి తీసుకుని పరీక్షకి పంపారు, ఎన్నోసార్లు అవే ప్రశ్నలు వేశారు. ఒక పెద్ద వయసు అధికారి మాత్రం, ఇది ఎవరి కోసం అని అడిగాడుట. బిడ్డతల్లి కోసం అంటే, తమ ఇళ్ళలో మెంతులు కాచి ఇస్తారని చెప్పాడు. అయినా కాగితం రాయించుకున్నాడు, తనంతట తనే వచ్చి చెప్పాడు కాబట్టి వదిలేస్తున్నామని, ఇంకోసారైతే ఏ సంజాయిషీ వినమని. దిలావర్ అన్న పేరు కంప్యూటర్‌లోకి ఎక్కింది.

అమ్మ వెనక సీట్లోంచి "బాబూ" అంది.

"ఊరుకోమ్మా. నేనూ అడిగింటే సరిపోయేది, పొడిలో యేమేం ఉండాయని. వాసన చూసి మూసేస్తి."

అమ్మ ఉజ్వలని ఒడిలోకి తీసుకున్నది అప్పుడే.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. దిలావర్ అన్న ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు, గోల్డ్ కార్డు ఇంకా ఉంది. ఇంకొకరి పెట్టె మాత్రం తన పేరున వెయ్యడు. సలహా అడిగితే చెబుతాడు, తోడు రమ్మంటే వస్తాడు. ఈ దేశంలో దిగిన ప్రతిసారీ ఆయన్ని పక్కకి పిలుస్తారు, ఉతికిన బట్టల మడతలు కూడా విప్పి చూస్తారు. మొన్న కువైట్ నుంచి వస్తుంటే ఉదయ్ జెద్దా వెళ్ళాడు తీసుకురావడానికి. అందరికంటే ముందు విమానం దిగిన మనిషి అందరి తర్వాత బయటికొచ్చాడుట.

"ఇవాళ ఇంతసేపేంటన్నా?" అన్నాడు ఉదయ్.

"కస్టమ్స్‌లో కొత్త పిల్లోడు. నిదానంగా చూసినాడు" అని, చొక్కా గుండీలు సర్దుకుంటూ కారు ఎక్కాడుట.