రంగం వెళ్లాడన్న తాత

మా మామ్మ బొట్టు మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నుదుట కాసంత కుంకుమ, చేతులకు నిండుగా గాజులు. ఆమె భర్త, అంటే మా తాత, రంగం వెళ్లాడు. బర్మాలోని రంగూన్‌ని మా శ్రీకాకుళం వైపు జనం రంగం అనేవారు. మా నాన్న ఆమె కడుపులో ఉండగా పోయిన మనిషి నుంచి మళ్లీ ఉత్తరం ముక్క కూడా రాలేదు. పన్నెండేళ్లు దాటాక కులపెద్దలు వచ్చి, గడ్డిబొమ్మను దహనం చేసి కర్మ జరిపిద్దామన్నారట. మాలో మారుమనువు తప్పు కాదు. చిన్నదానివి, ఇంకో ఇంటికి పోవచ్చని కూడా చెప్పారట. "శవాన్ని సూపండి, తీసేస్తాను" అందట మామ్మ.

నాన్నకు బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని దొరికి మామ్మతో అక్కడికి మారాడు. యుద్ధకాలంలో బర్మా నుంచి నడిచి వచ్చిన వాళ్లు ఖరగ్‌పూర్ స్టేషన్లో కనిపిస్తే ఆమె ఒక్కొక్కరినీ ఆపి అడిగేదని నాన్న చెప్పేవాడు. భర్త మీద ప్రేమ కొద్దీ బొట్టు ఉంచుకుందని మా రైల్వే క్వార్టర్ల లైను ఆడవాళ్లు అనుకునేవారు. నాకు మాత్రం చిన్నప్పుడే తెలుసు. "వొస్తే ఒక్క మాట అడగాల. నన్నెందుకు ఒగ్గేసినావని" అని బియ్యం ఏరుకుంటూ నాతో అనేది. ఆ గొంతులో ప్రేమ ఉండేది కాదు.

అరవైల్లో నేను కలకత్తాలో ఒక దినపత్రికలో పనిచేస్తూ, సెలవురోజు వస్తే ఇంటికొచ్చేవాణ్ని. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైర్మెంటు దగ్గర పడింది. రైల్వే పాసు మీద గయ వెళ్లి వాళ్ల నాన్నకు పిండం పెట్టి రావాలని ఆయన కోరిక. పాసు చేతికొచ్చింది. పురోహితుడు మాత్రం, పోయాడని తెలియని మనిషికి పిండమెలా పెడతావన్నాడు. పెడితే మామ్మ బొట్టు తీయాలి. ఆమె తీయదు. పాసు గడువు దగ్గర పడుతోంది.

"ఊరందరి చావులూ రాస్తావు గదా, మీ తాతది కూడా తేల్చు" అన్నాడు నాన్న. ఎగతాళిగానే అన్నాడు, కళ్లు మాత్రం నవ్వలేదు.

తాత రంగం వెళ్లాడన్న కబురు తెచ్చింది ఆయన అన్నగారు, మా పెద్దతాత. ఎనభై దాటినా ఖరగ్‌పూర్ గోల్ బజార్‌లో చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు అమ్మేవాడు. మా ఇంటికి వస్తే మామ్మ తలుపు చాటుకు వెళ్లిపోయేది. భర్త అన్నగారి ఎదుట పడకూడదు, పలకకూడదు. ఏదైనా చెప్పాలంటే మాలో ఎవరో ఒకరు ఆ మాట మోసేవాళ్లం.

తాత ఏ రేవులో ఓడెక్కాడని ఆయన్ని అడిగాను. విశాఖ అన్నాడు. కొన్నాళ్లాగి మళ్లీ అడిగితే భీమిలి అన్నాడు. మూడోసారి కాకినాడ. మనిషి వయసు చూసి మరుపు అనుకోవచ్చు. కానీ మరిచిపోయినవాడు తడుముకుంటాడు. ఈయన ప్రతిసారీ చప్పున చెప్పాడు.

తాత చివరిసారి కనిపించింది ఖరగ్‌పూర్‌లోనే, అన్నగారి దగ్గర. మా ఊరి నుంచి ఖరగ్‌పూర్ వచ్చినవాళ్లంతా చేరేది వర్క్‌షాపులోనే కాబట్టి అక్కడ్నుంచే మొదలుపెట్టాలనుకున్నాను. పాత వర్క్‌షాపు మీద వ్యాసం రాస్తానని చెప్పి పాత కాగితాలు చూడ్డానికి అనుమతి తెచ్చుకున్నాను. గుమాస్తా బెంగాలీ ఆయన. "చెదలు వదిలినవి మీవి, దాదా" అని తాళం తీశాడు.

నాన్న పుట్టిన ఏటి ప్రమాదాల రిజిస్టరు తిరగేశాను. తాత పేరు లేదు. కాస్త తేలికపడి పేజీ తిప్పబోతుంటే మా ఇంటిపేరు కనిపించింది. ఊరు మాదే. తండ్రి పేరు మా ముత్తాతదే. యార్డులో రెండు వ్యాగన్ల మధ్య నలిగి చనిపోయిన మనిషి పేరు మాత్రం పెద్దతాతది.

ఆ ఉదయమే ఆయన నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

చనిపోయినవాడి పేరు రెండు చోట్ల సరిచూడకుండా వార్త వేయకూడదని మా ఎడిటరు నేర్పాడు. ఇక్కడ రెండో ఆధారం బతికే ఉంది, బజారులో చింతపండు తూస్తోంది. దారి పొడుగునా చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ దుకాణం ఆయన భార్య పేరు మీద ఉంది. రేషను కార్డూ ఆమె పేరు మీదే. విశ్వకర్మ పూజ నాడు వర్క్‌షాపు గేట్లు తీస్తే ఊరంతా పిల్లల్ని భుజాలకెత్తుకుని లోపలికి వెళుతుంది. పెద్దతాత ఒక్కసారీ రాలేదు. ఇనప వాసన పడదనేవాడు.

దుకాణం చేరి, నేను చూసింది ఆయనకు తగ్గు గొంతుతో చెప్పాను. తక్కెడ ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. ఎదురుగా నిలబడ్డ బెంగాలీ ఆవిణ్ని, "దీదీ, కాల్ ఆసున్" అని రేపు రమ్మని పంపేశాడు. మిట్టమధ్యాహ్నం దుకాణం చెక్కలు దించడం మొదలుపెట్టాడు. ఆ చేతులు చెక్కల్ని గాడిలో పెట్టలేకపోతుంటే నేను సాయం పట్టాను. లోపల చీకట్లో మిరపకాయల ఘాటు.

"మీ నాన్నకి సెప్పినావా?"

"లేదు."

"పోలీసులకి?"

ఇన్నేళ్ల తర్వాత పోలీసులేమిటి తాతా అన్నాను. ఆయన వినలేదు.

"బిళ్ల నాది. మనిషి ఆడు" అన్నాడు.

అప్పట్లో వర్క్‌షాపులో ప్రతి కూలీకీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఉండేది. అది చూపితేనే హాజరు. ఒకరికి జ్వరమొస్తే తమ్ముడో బావమరిదో ఆ బిళ్లతో పనికి వెళ్లడం మా ఊరివాళ్లలో మామూలట. పని పోకుండా కాచుకునే దారి అదే. పెద్దతాత జ్వరంతో పడుకున్నాడు. పోలికలు ఒకటే కాబట్టి తమ్ముడు బిళ్ల పట్టుకెళ్లాడు. జేబులో బిళ్లను బట్టి పేరు రాశారు. శవాన్ని గుర్తుపట్టమంటే, మా ఊరివాళ్లు నలుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అవును, వీడే అన్నారు. నిజం చెబితే మోసం కేసు, ఆ నలుగురి పనులూ పోతాయి. నది అవతలి ఒడ్డున తన పేరుతో తమ్ముడు కాలిపోతుంటే పెద్దతాత ఇవతలి పొదల్లో కూర్చుని పొగ చూశాడు. కొన్నేళ్లు ఊళ్లో గడిపి, గుట్టు దాస్తామన్న ఆ నలుగురి మాట మీద, దుకాణదారుగా తిరిగొచ్చాడు. ఇప్పుడా నలుగురూ లేరు.

"రంగం అని ఎందుకు చెప్పావు?"

"సచ్చినాడంటే ఎలా సచ్చినాడని అడుగుతారు. రంగం ఎల్లినాడంటే ఎవులూ ఏటీ అడగరు."

ఒకరు అడుగుతూనే ఉన్నారన్నాను. ఈ మాట మామ్మకు నువ్వే చెప్పాలి, నేను మోయనన్నాను.

సాయంత్రం ఆయన మా క్వార్టరు వరండాలో, తలుపుకు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. తలుపు వెనక గాజుల చప్పుడు. నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పెద్దతాత మొత్తం చెప్పాడు, తలుపు చెక్కతో చెబుతున్నట్టు.  నాన్న గుప్పిట బిగించి ఒక అడుగు ముందుకేశాడు. నేను మధ్యకు జరిగాను.

అప్పుడు మామ్మ బయటికొచ్చింది. తల మీద కొంగు లేదు. ముక్కాలిపీట లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"బావా" అంది. ఆ పిలుపు ఆమె నోట నేనెన్నడూ వినలేదు. "ఆ మనిషి నాకాడ ఉన్నది ఒక్క వానాకాలం. మొకం కూడా గురుతు నేదు. ఎవులి కోసరం తీయమంటావు బొట్టు?"

ఆయన బల్ల మీంచి లేవబోతుంటే మామ్మే మళ్లీ అంది.

"తమ్ముడ్ని ఎత్తుకు పెంచినావు గదా. ఆడెలాంటోడో సెప్పు. ఇయ్యాల కాదు, పొద్దోయింది. రేపు రా."

పాసు గడువు దాటిపోతుందని నాన్న మొత్తుకున్నాడు. దాటితే దాటనీ అంది. నేను సెలవు పొడిగించుకున్నాను. రోజూ సాయంత్రం పెద్దతాత దుకాణం కట్టి వచ్చేవాడు. ఆయన ముందు గుమ్మంలో అడుగుపెడితే నాన్న వెనక గుమ్మంలోంచి బయటికి పోయేవాడు. ఆయన వెళ్లేదాకా తిరిగొచ్చేవాడు కాదు. ఒకరోజు ఇద్దరూ వీధిలో ఎదురుపడ్డారు. నాన్న సైకిలు దిగి, ఆయన వైపు రాయి మీద రాయి విసురుతూ నిలబడ్డాడు. ముసలాయన వంగి వంగి దాటిపోయాడు.

నేను చాలామందిని చాలా ప్రశ్నలడిగాను గానీ మామ్మ అడిగినట్టు అడగడం చూడలేదు. తాతకు బల్లులంటే భయమని తెలిసింది. తాటిముంజెలు దొంగిలించి దెబ్బలు తిన్నాడని తెలిసింది. మొన్న చెప్పినదానికీ ఇవాళ్టిదానికీ తేడా వస్తే, "మొన్నలాగ సెప్పనేదు" అని పట్టుకునేది. కానీ ఒక్క చోటికి వచ్చేసరికి పెద్దతాత దారి మళ్లించేవాడు. ఆ ఏడు తాత ఖరగ్‌పూర్ ఎందుకొచ్చాడన్న దగ్గర. పని కోసమనేవాడు. ఊళ్లో పని లేదా అని మామ్మ.

గడువుకు రెండు రోజులున్నాయనగా ఆమె ఇంక చుట్టూ తిప్పలేదు. "నన్నెందుకు ఒగ్గేసినాడు?" అంది.

పెద్దతాత ఈసారి దారి మళ్లించలేదు.

"ఒగ్గనేదమ్మా. నిన్ను తెచ్చుకుందామని వొచ్చినాడు. పూరీ గేట్ అవతల మట్టిగది ఒకటి కుదుర్చుకున్నాడు. నువ్వు పొట్టిదానివని దీపం గూడు కిందకి తవ్వించినాడు. అందరం నవ్వినాం."

"ఇన్నాళ్లూ ఈ మాటెందుకు దాసినావు?"

"ఆడు సచ్చినాడని సెప్పగలను. ఇది సెప్పనేకపోనాను."

మర్నాడు పొద్దున్నే మామ్మ నన్ను రిక్షా పిలవమంది. పెద్దతాతను కూడా ఎక్కించి, నేను సైకిల్ మీద వెనక వెళ్లాను. పూరీ గేట్ లెవెల్ క్రాసింగు దాటాక ఆయన రెండుసార్లు తప్పు సందు చూపించి, చివరికి ఒక సైకిల్ రిపేరు దుకాణం ముందు ఆపాడు. గది ఆనవాలు లేదు. ఇటుక గోడ, దానికి వేలాడే పాత టైర్లు. మామ్మ దుకాణం అతన్ని అడక్కుండానే లోపలికి వెళ్లి, ఒక టైరు పక్కకు జరిపి, తన భుజం ఎత్తున గోడ మీద అరచెయ్యి ఆనించింది. 

బయటికొచ్చి, పంక్చర్లు చూసుకునే తొట్టి పక్కనున్న బోరింగు కొట్టమంది. కొట్టాను. దోసిళ్లతో మొహం కడుక్కుంది, నుదురు గట్టిగా రుద్దుకుంది, కొంగుతో తుడుచుకుంది. పెద్దతాత రిక్షాలోనే ఉండి అటు తిరిగిపోయాడు. కుంకుమ ఉన్నచోట చర్మం పాలిపోయి, గుండ్రంగా, కొత్తగా ఉంది.

ఇంటి దగ్గర నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె మొహం చూసి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. మామ్మ గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెడుతూ, పాసుకి ఇంకా రోజుందా అని అడిగింది. ఉందన్నాడు.

"అయితే ఎల్లు. మీ అయ్య ఎక్కడికీ ఎల్లనేదు."