మెళ్ళో చెక్కబిళ్ళ

కంకిపాడులో పెదనాన్న ఇల్లూ మా ఇల్లూ ఒకే వాకిట్లో ఉండేవి. ఆయన కూతురు నాకంటే ఆరు నెలలు పెద్ద, అంచేత అక్క. అక్కని బెజవాడ కాన్వెంటులో వేశారు. రోజూ బూట్లేసుకుని బస్సెక్కేది. నేను చెప్పుల్లేకుండా పంచాయతీ బడికి నడిచేదాన్ని. చూస్తే ఒళ్ళు మండిపోయేది.

ఒక శనివారం అక్క మెళ్ళో తాడు కట్టిన చెక్కబిళ్ళతో బస్సు దిగింది. బిళ్ళ మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు.

"ప్రైజా?" అన్నాను.

అక్క కళ్ళు తుడుచుకుని "యెస్" అంది. వెంటనే దాన్ని తీసి నా మెళ్ళో వేసేసింది. అక్క ఇంత మంచిదని నాకప్పటిదాకా తెలీదు. అది వేసుకుని వీధంతా తిరిగొచ్చాను. నానమ్మ దిష్టి కూడా తీసింది.

సాయంత్రం పాల కోసం వచ్చిన మా బడి మాష్టారు బిళ్ళ చదివి పడీపడీ నవ్వారు.

"'నేను తెలుగు మాట్లాడిన గాడిదను' అని రాసుందండీ. కాన్వెంటులో తెలుగు మాట్లాడినవాళ్ళ మెళ్ళో వేస్తారు. వాళ్ళు ఇంకోళ్ళని పట్టుకుని అంటగట్టాలి."

అక్క భోరుమంది. అంటగడితే కాన్వెంటులో వాళ్ళకే అంటగట్టాలట. లేకపోతే సోమవారం ప్రేయర్లో అందరి ముందూ బిళ్ళతో నిలబెడతారట.

"ఓసి పిచ్చిదానా! మన కొంపలో గాడిద కానిదెవరే?" అని నానమ్మ బిళ్ళ తన మెళ్ళో వేసుకుంది. మళ్ళీ తియ్యలేదు. సోమవారం మా ఇద్దరినీ వెంటేసుకుని అలాగే బస్సెక్కింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి బిళ్ళ చదువుతూ నిలబడ్డాడు.

కాన్వెంటు గేటు దగ్గర హెడ్‌మిస్ట్రెస్‌గారు కంగారుగా ఎదురొచ్చారు.

"అమ్మగారూ, ఏంటండీ ఇది? ముందు తీసెయ్యండి!"

నానమ్మ తీసింది. తీసి ఆవిడ మెళ్ళో వేసింది.

కాన్వెంటులో అక్క పేరు కొట్టేశారని వేరే చెప్పాలా? మర్నాడు నాతోపాటు మా బడికి నడిచొచ్చింది. నాకు పండగే పండగ. మొదటి గంటలోనే మాష్టారు అక్కని పదిహేనో ఎక్కం అప్పజెప్పమన్నారు. కాన్వెంటులో పన్నెండుతో ఆపేస్తారట, అదీ ఇంగ్లీషులో. అక్క వచ్చిందేదో ఇంగ్లీషులోనే మొదలెట్టింది. మాష్టారు గోడకుర్చీ వేయించారు. బడంతా గొల్లుమంది.

అక్క మిగతావాళ్ళెవరినీ చూడలేదు, నన్నే చూసింది. అందరికంటే ముందు నవ్వింది నేనే మరి.